పీసీబీ మీద టోనర్ దింపడానికి ఇస్త్రీ పెట్టెనా, అసిటోనా?

రాగిరేకు:
ఇంట్లో పీసీబీలు, అంటే రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డులు, చేసుకునేవాళ్లు లేజర్ ప్రింట్‌లోని గీతల్ని రాగి మీదికి దింపడానికి ఇస్త్రీ పెట్టె వదిలేసి అసిటోన్ అనే ద్రావకానికి మారాలన్నది నా వాదన. టోనర్ అంటే లేజర్ ప్రింటర్ సిరాలా వాడే ప్లాస్టిక్ పొడే. వేడికి కరుగుతుంది, అసిటోన్‌కీ మెత్తబడుతుంది. ఇస్త్రీ పెట్టెతో బోర్డు మధ్యలో ఒక వేడి, అంచుల్లో ఒక వేడి. ఎక్కువ నొక్కితే ట్రాకులు (కరెంటు పారే దారుల గీతలు) చితికి పక్కదానికి అంటుకుంటాయి. తక్కువైతే కాగితంతో పాటే లేచి వచ్చేస్తాయి.

సోల్డర్‌సుబ్బు:
ఒప్పుకోను అన్నా. అసిటోన్ తగిలితే టోనర్ పూర్తిగా కరిగి పారిపోతుంది. ఇక ట్రాకులు ఎక్కడుంటాయి?

రాగిరేకు:
ఉత్త అసిటోన్ ఎవరు పొయ్యమన్నారు తమ్ముడూ? 3 పాళ్ల అసిటోన్‌కి 8 పాళ్ల ఆల్కహాల్ కలపడం చాలామంది వాడే కొలత. ఆల్కహాల్ టోనర్‌ని పెద్దగా కరిగించదు, అసిటోన్ జోరు తగ్గిస్తుంది. రాగిని స్టీల్ పీచుతో రుద్ది, కడిగి, ఆరబెట్టు. దాని మీద మిశ్రమం పోసి, అద్దంలో కనిపించినట్టు ఎడమకుడులు తిప్పి తీసిన లేజర్ ప్రింట్‌ని బోర్లా వెయ్యి. కొన్ని సెకన్లు ఆగి పైనుంచి తిన్నగా నొక్కు. రుద్దావో, ట్రాకులన్నీ అలుక్కుపోతాయి. ఆరాక నీళ్లలో నానబెట్టి కాగితం తియ్యి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు, చాలావాటిలో నీళ్లు, నూనెలు, సెంటు కలుస్తాయి.

ల్యాబ్‌మేడమ్:
పద్ధతి బాగానే చెప్పారు, ప్రమాదం సంగతే వదిలేశారు. పాలిటెక్నిక్ పిల్లలు కోఠి గుజరాతీ గల్లీలో రాగి బోర్డు, టోనర్ లేనిచోట రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ కొని, హాస్టల్ గదిలో తలుపులు మూసి ఈ పని మొదలుపెడతారు. అసిటోన్ ఆవిరి మైనస్ 20 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పాకుతుంది. స్విచ్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. మామూలు నైట్రైల్ గ్లవ్స్ కూడా అసిటోన్‌కి ఎక్కువసేపు ఆగవు. ఇస్త్రీ పెట్టెతో అయితే మహా అయితే వేలు కాలుతుంది. అందుకే నా ల్యాబ్‌లో అసిటోన్ పద్ధతిని ఒప్పుకోను.

రాగిరేకు:
మూసిన గదిలో వద్దన్న మాట నిజం మేడమ్, అది నేను ముందే రాయాల్సింది. బాల్కనీలో, దగ్గర మంట లేకుండా, కొద్దికొద్దిగా కలుపుకుని చెయ్యాలి. కానీ సన్నటి ట్రాకులున్న బోర్డుకి నా ఓటు ఇప్పటికీ దీనికే.

సోల్డర్‌సుబ్బు:
అన్ని ప్రింటర్ల టోనరూ ఒకేలా కరగదు కదా. ముందు పనికిరాని రాగి ముక్క మీద చూస్తాను. అంటుకోకపోతే ఇస్త్రీ పెట్టే నాకు గతి.