అప్‌డేట్: థీమ్ మార్చలేదు, వరుసల ఎడం మార్చాను

కోనసీమ కాలువల గురించి రాసుకునే నా వర్డ్‌ప్రెస్ బ్లాగులో శీర్షికల వత్తులు కింది వరుసకు తగులుతున్నాయి, ఏ థీమ్ (బ్లాగు రూపురేఖల అచ్చు) మంచిదని నెల క్రితం ఇక్కడ అడిగాను. నాలుగు థీమ్‌లు మార్చినా అదే తంతు. మీలో ఒకరు చెప్పినట్టు తప్పు థీమ్‌ది కాదు, దాని లైన్ హైట్‌ది, అంటే అక్షరాల సైజుకు ఎన్ని రెట్లు వరుస ఎత్తు ఉండాలో చెప్పే అంకెది. ఇంగ్లీషు శీర్షికలకు 1.1 సరిపోతుంది. ‘ఆత్రేయపురం’, ‘కొబ్బరి’ అని రాస్తే వత్తుకు చోటేదీ? శీర్షికలకు 1.5, వ్యాసానికి 1.8 పెట్టాను. లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య అదనపు ఎడం) సున్నా చేశాను. వ్యాసానికి ‘మండలి’ ఫాంట్; శీర్షికలకు ‘రామభద్ర’. పేజీకి ఒక్కసారిగా ఊపిరి వచ్చింది.

ఈలోపు ఒక తెలివితక్కువ పని కూడా చేశాను. మార్పులన్నీ నేరుగా థీమ్ స్టైల్ ఫైల్లోనే రాశాను. థీమ్ కొత్త వెర్షన్ రాగానే అన్నీ వరదలో గట్టులా కొట్టుకుపోయాయి. ఇప్పుడు చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద ఆధారపడుతూ, అది అప్‌డేట్ అయినా చెరగని మన సొంత థీమ్) చేసుకుని అందులో రాస్తున్నాను.

రంగుల దగ్గర మాత్రం ఇంట్లో రాజీ కుదరలేదు. వరిచేను పచ్చ నేపథ్యం పెడితే, అమ్మ ఫోనులో చూసి “కళ్లు లాగుతున్నాయిరా” అంది. తెల్లటి నేపథ్యానికే వచ్చాను. పచ్చ లింకులకే మిగిలింది.

పై బొమ్మగా పెట్టిన గౌతమి రేవు ఫొటో 6 ఎంబీ ఉంది. దాన్ని తగ్గించడం ఈ ఆదివారం పని.