ప్రీకూలర్ గొట్టాలపై మంచు పేరుకోకుండా మెథనాల్ ఎక్కడ చల్లాలి?

గాలి పీల్చే రాకెట్ ఇంజన్ కోసం, లోపలికొచ్చే గాలిని ముందే చల్లబరిచే చిన్న ప్రీకూలర్‌ను తిరుపతిలో పరీక్షిస్తున్నాం. 2 మి.మీ. స్టీలు గొట్టాలు, మధ్య సందు 1 మి.మీ. లోపల చల్లటి నైట్రోజన్ వాయువు, బయట సెకనుకు 20 గ్రాముల గాలి.

చిక్కంతా తేమతోనే. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉంటే ఘనమీటరు గాలిలో సుమారు 23 గ్రాముల నీరుంటుంది, అంటే సెకనుకు 0.4 గ్రాము లోపలికి వస్తున్నట్టే. అర నిమిషంలోపే ముందు వరసల సందులు మంచుతో పూడుకుపోయి, పీడన నష్టం పెరిగి, గాలి పడిపోతోంది. సిలికా జెల్‌తో ఆరబెట్టిన గాలికి ఈ బాధ లేదు. కానీ శ్రీహరికోట తీరంలో ఎగరాల్సిన ఇంజన్‌కు ఎండుగాలి ఎక్కడిది?

బ్రిటన్‌లో తలపెట్టిన ఇలాంటి సేబర్ ఇంజన్‌ కోసం మెథనాల్ చల్లే పద్ధతి ఎంచుకున్నారు కదా. దాన్ని సున్నా డిగ్రీలు దాటే వరస ముందు ఒక్కచోటే చల్లాలా, రెండు మూడు చోట్ల పంచాలా? నీటి బరువుకు ఎంత నిష్పత్తిలో? మెథనాల్ మైనస్ 98 దగ్గర గడ్డకడుతుంది కాబట్టి, అంతకంటే చల్లని వరసలకు చేరేలోగా ఆ ద్రవాన్ని బయటికి తీసే దారేది?

ద్రవ నైట్రోజన్ నేరుగా పంపమని మాత్రం దయచేసి సూచించకండి. గొట్టాల మీద ఆక్సిజన్ ఎక్కువున్న ద్రవం చేరి, మెథనాల్‌తో కలిస్తే పేలుడు ప్రమాదం. అందుకే గొట్టం గోడను మైనస్ 150 కంటే దిగనివ్వడం లేదు. ఇలాంటి పరీక్షా రిగ్ నడిపినవాళ్ళు వివరంగా చెప్పగలరా?