చేతిలో నగదు బాగా ఉన్న ఎలక్ట్రానిక్స్ షేరు: అమ్మేశాక మళ్లీ కొనొచ్చా?

మారతహళ్లి వాసి:
బెంగళూరు శివార్లలో ఫ్యాక్టరీ ఉన్న ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ కంపెనీ షేర్లు పోయినేడు లాభానికి అమ్మాను. ఇప్పుడు ధర అంతకంటే కిందకు వచ్చింది. పేరు రాస్తే టిప్ ఇచ్చినట్టవుతుంది, అందుకే రాయడం లేదు. అంకెలు గుండ్రంగా చెబుతాను: మార్కెట్ విలువ 900 కోట్లు, బ్యాంకు నిల్వలు, డిపాజిట్లు, లిక్విడ్ ఫండ్లు కలిపి 400 కోట్లు, ఏడాది లాభం 60 కోట్లు. అప్పు లేదు. నగదు తీసేస్తే వ్యాపారం 500 కోట్లకే, అంటే లాభానికి ఎనిమిది రెట్లకే వస్తోంది. ఇలాంటివి కొన్నవాళ్లు చెప్పండి.

బనశంకరి అక్క:
తమ్ముడూ, ఆ 400 కోట్ల మీద 7 శాతం చొప్పున 28 కోట్ల వడ్డీ వస్తుంది. పన్ను పోగా 21. అది నువ్వు చెప్పిన 60లోనే కలిసి ఉంది. ధరలోంచి నగదు తీసేస్తే లాభంలోంచి దాని వడ్డీ కూడా తీసేయాలి. మిగిలేది 39 కోట్లు. అప్పుడు దాదాపు 13 రెట్లు.

అసలు ఆ నగదు ఉందా అన్నది ఇంకా ముఖ్యం. ఈ మాట మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? 2009 జనవరి 7 నాటి సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు లేఖ ప్రకారం, ఆ కంపెనీ పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివే. రావాల్సిన వడ్డీ అంటూ రాసుకున్న 376 కోట్లూ లేనిదే. కాబట్టి లాభనష్టాల ఖాతాలో వడ్డీ చూసి ఊరుకోకు. నగదు రాకపోకలు చూపే క్యాష్ ఫ్లో పేజీలో చేతికందిన వడ్డీ ఎంతో చూడు. ఏటా ఎంత డివిడెండ్ ఇచ్చారో చూడు.

జాలహళ్లి బాబాయ్:
ఆ డబ్బు ఎవరిదో కూడా చూడు బాబూ. రక్షణ, రైల్వే ఆర్డర్లకు కస్టమర్లు ముందే అడ్వాన్స్ ఇస్తారు. నేను పనిచేసిన చోట అడ్వాన్స్ రాగానే బ్యాంకు ఖాతా నిండేది, విడిభాగాలు దిగుమతి చేసుకునేసరికి కరిగిపోయేది. బ్యాలెన్స్ షీట్‌లో బాధ్యతల వైపు ‘కాంట్రాక్ట్ లయబిలిటీస్’ అనే పద్దు ఉంటుంది, ఈ అడ్వాన్సులు అందులోనే కనిపిస్తాయి, అది తీసి చూడు. మార్చి 31 అంకె ఒక్కటే నమ్మకు. సరఫరాదారుల బిల్లులు ఏప్రిల్‌కు తోస్తే ఆ రోజుకు నగదు ఎక్కువే కనిపిస్తుంది. సెప్టెంబర్ 30 బ్యాలెన్స్ షీట్‌తో పోల్చు.

అంబత్తూరు నుంచి:
చెన్నైలో ఇలాంటి కంపెనీ షేరు ఒకటి నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. నగదు నిజమే, అడ్వాన్సులూ కావు. కానీ ప్రమోటర్లు వాటాదారులకు పంచలేదు. చివరికి సంబంధం లేని స్థలాల వ్యాపారంలో పెట్టారు. ధర లేవలేదు. పంచే అలవాటు లేని చోట నగదుకు నేను సగం విలువ కూడా కట్టను.

మారతహళ్లి వాసి:
బాబాయ్ చెప్పిన పద్దు చూశాను, 150 కోట్లు ఉంది. అంటే వాటాదారులది 250 కోట్లే. 900లోంచి అది తీసేస్తే వ్యాపారం 650 కోట్లు, అక్క చెప్పిన 39 కోట్ల లాభానికి దాదాపు 17 రెట్లు. అక్కా, మళ్లీ కొంటే పన్నుకు పాత తేదీ లెక్కలోకి వస్తుందా?

బనశంకరి అక్క:
రాదు. కొత్తగా కొన్న రోజు నుంచే లెక్క. ఏడాదిలోపు అమ్మితే లాభం మీద 20 శాతం. ఏడాది దాటితే 1.25 లక్షల పైన ఉన్న లాభానికి 12.5 శాతం.

మారతహళ్లి వాసి:
అయితే పెద్ద మొత్తం ఇప్పుడు పెట్టను. కొద్ది షేర్లు మాత్రం కొంటాను. వాటాదారుల వార్షిక సమావేశం (ఏజీఎం)లో ఆ 250 కోట్లను ఏం చేస్తారో వాళ్లనే అడగాలనుంది.

అంబత్తూరు నుంచి:
తప్పకుండా అడగండి. ఆన్‌లైన్ మీటింగైతే మాట్లాడేవాళ్లు ముందే పేరు నమోదు చేసుకోవాలి. గడువు నోటీసులో ఉంటుంది. ప్రశ్నను ఈమెయిల్‌లో కూడా పంపండి, జవాబు రాతపూర్వకంగా అడగొచ్చు.