అమ్మ ట్యాబ్‌ని కేబుల్‌తో టీవీకి కలిపితే "నో సిగ్నల్" అంటోంది

కోనసీమ ఆడపడుచు:
నమస్తే అండీ. మా అమ్మకి 74 ఏళ్ళు. అమలాపురం దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. తమ్ముడు డాలస్‌లో. ఆదివారం పొద్దున్నే వాడూ, వాడి కొడుకూ వీడియో కాల్ చేస్తారు. రెండేళ్ళుగా అమ్మకి మాక్యులా (కంటి రెటీనా నడిమి భాగం) దెబ్బతిని చూపు మధ్యలో మసక. 8 అంగుళాల ట్యాబ్‌లో మనవడి మొహం కంటికి ఆనడం లేదు. "గొంతు వినబడుతోందిగా, చాల్లే" అంటుంది. కాల్ అయ్యాక మాత్రం మసక అద్దానిదేమోనని కొంగుతో ట్యాబ్‌ని తుడిచి తుడిచి చూస్తుంది. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హాల్లో 32 అంగుళాల టీవీ ఉంది, స్మార్ట్ కాదు. హెచ్‌డీఎంఐ పోర్టులు రెండు, ఒకటి సెట్‌టాప్ బాక్సుది. కాకినాడలో టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళే కేబుల్ 650 పెట్టి కొన్నాను. సోర్స్ మార్చాను, రెండు కొసలూ తీసి పెట్టాను, ట్యాబ్ రీస్టార్ట్ చేశాను. ఏం లాభం లేదు. పాడైంది కేబులా, టీవీయా? శుక్రవారం నేను హైదరాబాద్ వెళ్ళిపోవాలి.

సర్వీసు బల్ల:
రెండూ బాగానే ఉండుంటాయమ్మా. టైప్-సీ అన్నది రంధ్రం ఆకారం మాత్రమే. అందులోంచి బొమ్మ బయటికి రావాలంటే ట్యాబ్‌లో "డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్" ఉండాలి. తక్కువ ధర ట్యాబుల్లో చాలావాటికి అది ఉండదు. ఛార్జింగూ, డేటా, అంతే. మీది ఆండ్రాయిడ్ ట్యాబ్ అయి, మోడల్ వివరాల్లో యూఎస్‌బీ 2.0 అని రాసుంటే ఈ కేబుల్‌తో పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. సామ్‌సంగ్‌లో ట్యాబ్ ఎస్6కి ఉంది, ఎస్6 లైట్‌కి లేదు, పేర్లు చూసి మోసపోకండి. ఐప్యాడ్‌లో 2022లో వచ్చిన 10వ తరానికి ఉంది. టైప్-సీ కాకుండా ఆపిల్ పాత "లైట్నింగ్" పోర్టు ఉన్న ఐప్యాడ్లకి వేరే అడాప్టర్ కావాలి.

ఇంకో కేబుల్ కొనకండి. టైప్-సీలోంచి వీడియో వచ్చే లాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే దానికి పెట్టి చూడండి. బొమ్మ వస్తే కేబుల్, టీవీ మంచివే. టీవీకున్న యూఎస్‌బీ పోర్టులో మాత్రం పెట్టొద్దు, అది పెన్‌డ్రైవ్‌కి.

గోదారిగట్టు:
అక్కా, మా నాన్నగారికీ ఇదే చేశాను. ఒక్క సంగతి ముందే చెబుతాను. బొమ్మ టీవీకి వెళ్ళినా కెమెరా ట్యాబ్‌దే. ట్యాబ్ ఆవిడ ఒళ్ళో ఉంటే, ఆవిడ టీవీ చూస్తుంటే అటు పిల్లాడికి నాయనమ్మ చెంపే కనబడుతుంది. టీవీ కిందే స్టాండ్ మీద నిలబెట్టండి. అప్పుడు పొట్టి కేబులైనా సరిపోతుంది. మధ్యలో ఛార్జింగ్ కావాలంటే, ఛార్జర్ పెట్టుకునే పోర్టు కూడా ఉన్న అడాప్టర్ తీసుకోండి. ట్యాబ్‌కి వీడియో లేదని తేలితే టీవీ వెనక పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి కొని, స్క్రీన్ కాస్ట్ చేయండి, అంటే వైరు లేకుండా ట్యాబ్ తెరని టీవీకి పంపడం. దానికి వైఫై కావాలి, నాకైతే కేబులే నమ్మకం.

కోనసీమ ఆడపడుచు:
అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే పక్కింటి అబ్బాయి లాప్‌టాప్‌కి పెడితే బొమ్మ వచ్చింది. ట్యాబ్ వివరాల్లో యూఎస్‌బీ 2.0 అనే ఉంది. మా మరిది దగ్గర వాడకుండా పడున్న ట్యాబ్ ఎస్6 తెప్పించాను, అదే కేబుల్‌తో వెంటనే వచ్చేసింది. మొదట డెక్స్ అని కంప్యూటర్ తెరలాంటిది వస్తే మిర్రరింగ్‌కి (ట్యాబ్‌లో ఉన్నదే టీవీలో కనబడేట్టు) మార్చాను. ఆదివారం దాకా ఆగలేక గురువారమే తమ్ముడి చేత కాల్ చేయించాను. అమ్మ కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని, "వీడికి పై పన్ను ఊడిందే! ఎవరూ చెప్పలేదేం?" అంది. ఊడి నెలైందట.

ఒక్కటే ఇబ్బంది. బొమ్మ అంచులు కొంచెం తెగిపోతున్నాయి, కాల్ ఆపే గుర్తు టీవీలో సగమే కనబడుతోంది.

సర్వీసు బల్ల:
చాలా సంతోషం తల్లీ. అది ఓవర్‌స్కాన్, అంటే టీవీ బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు కోసేయడం. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్ తెరిచి "స్క్రీన్ ఫిట్" గానీ "జస్ట్ స్కాన్" గానీ పెట్టండి, కంపెనీని బట్టి పేరు మారుతుంది. టీవీ ట్యాబ్ పెట్టిన హెచ్‌డీఎంఐ సోర్స్‌లో ఉండగానే మార్చండి.