బిల్లు దగ్గర అడిగే రెండు రూపాయల విరాళం: లాభం కంపెనీకేనా?

కూకట్‌పల్లి_కిరణ్: మాల్ కౌంటర్లో అడిగే విరాళంతో కంపెనీ పన్ను మిగుల్చుకుంటుందా? యాప్‌లో ముందే టిక్ పెట్టి ఉంటే ఏం చేయాలి?

లెడ్జర్_రావు: మిగలదండీ. అది అమ్మకం కాదు, ఆ విరాళం చేరాల్సిన ట్రస్టుకు బాకీ. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో కరెంట్ లయబిలిటీస్ (త్వరలో తీర్చాల్సిన బాకీలు) కింద విడి లెడ్జర్ ఉండాలి. సేల్స్‌లో కలిపితే దెబ్బ కంపెనీకే. కంపెనీలు ఎంచుకునే 22 శాతం పన్ను స్కీములో, విరాళాలకిచ్చే 80జీ మినహాయింపే లేదు. సర్‌ఛార్జీ, సెస్సు కలిపి 25.17 శాతం. రూపాయి ఆదాయంగా రాసి రూపాయీ ఇచ్చేస్తే పావలా చేతిచమురు.

నల్లకుంట_నరేశ్: అందరు 22లనే ఉన్నరా అన్నా? పాత స్కీమోళ్లు 80జీ తీస్కుంటరు గదా.

లెడ్జర్_రావు: మామూలు ట్రస్టుకిస్తే సగానికే మినహాయింపు. మిగతా సగానికి పన్ను కట్టాల్సిందే. లెక్క చూసి మాట్లాడండి.

నల్లకుంట_నరేశ్: లెక్క మాకూ వచ్చు. మెలిక ఫారం 10బీడీల ఉంది, అంటే ట్రస్టు పన్ను శాఖకిచ్చే విరాళాల లెక్కల. ట్రస్టు దాత పేరు, పాన్ రాసి మే 31 లోపల వెయ్యాలె. రెండ్రూపాయలిచ్చినోని పాన్ ఎవడడుగుతడు? మొత్తం కంపెనీ పేరు మీద ఎక్కిస్తే మినహాయింపుకు చూపే 10బీఈ విరాళం సర్టిఫికెట్ కంపెనీకే. ఆదాయంల చూపకుండ అది వాడితే ఉత్త లాభమే.

లెడ్జర్_రావు: అది తప్పుడు క్లెయిమ్. పద్ధతి ప్రకారం చేసేవాళ్లను దాంతో కలపకండి!

పద్మ_సీఎస్: బోర్డు రిపోర్టులు రాసేదాన్ని, చెప్తున్నా వినండి. అసలు లాభం సీఎస్ఆర్‌లో, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చులో. 'మీరు రూపాయిస్తే మేమూ రూపాయి కలుపుతాం' అంటారు చూడండి, ఆ కలిపే రూపాయి కంపెనీల చట్టం 135 సెక్షన్ కింద ఎలాగూ ఖర్చు పెట్టాల్సిన, లాభంలో 2 శాతంలోంచే తీయొచ్చు. కస్టమరు రూపాయిని మాత్రం అందులో చూపడానికి వీల్లేదు.

పీఓఎస్_మూర్తి: బిల్లింగ్ మెషీన్‌లో విరాళం ఐటెమ్ కోడ్ సేల్స్ గ్రూపులో పెడితే రోజు చివరి డే-ఎండ్ రిపోర్టుకీ, జీఎస్టీకి వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కీ పొంతన కుదరదు. జీఎస్టీ లేని నాన్-సేల్ కోడ్ పెట్టాలి. సరుకు వాపసు వచ్చి బిల్లంతా రద్దు చేస్తే విరాళం లైనూ పోతుంది, ట్రస్టు లెక్క తప్పుతుంది. ఇంకోటి, బిల్లులో పైసల్ని దగ్గరి రూపాయికి సరిచేసే 'రౌండాఫ్' విరాళం కాదు.

నల్లకుంట_నరేశ్: రౌండాఫ్ పైకీ పోవాలె, కిందికీ పోవాలె. ఎప్పుడూ పైకే పోతే అడగాలె.

సైదాబాద్_లత: కిరణ్ గారి రెండో ప్రశ్న ఎవరికీ పట్టలేదు. అడగకుండా విరాళం కలపడం కేంద్రం 2023 డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మోసగించే స్క్రీన్ ఎత్తులు) మార్గదర్శకాల్లో 'బాస్కెట్ స్నీకింగ్'. డబ్బు కట్టకముందే టిక్ కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కట్టేశాక ఆ పేజీ మళ్లీ దొరకదు.

నల్లకుంట_నరేశ్: ట్రస్టుకియ్యకుండ నెలల కొద్ది కంపెనీ ఖాతల ఉన్న విరాళం పైసల మీద వడ్డీ ఎవరిది, రావుగారూ?

లెడ్జర్_రావు: ఒప్పందంలో రాసుకోకపోతే కంపెనీదే. అక్కడ మీ మాట నిజం. విడి బ్యాంకు ఖాతా, బదిలీ తేదీ రెండూ ట్రస్టు ముందే రాయించుకోవాలి.