అటకలో కందిరీగల తుట్టె: ఎలా తీయాలి?

ప్రశ్న:
అటకలో దూలానికి ఫుట్‌బాల్ అంత బూడిదరంగు తుట్టె వేలాడుతోంది. చారలు చారలుగా అట్ట అతికించినట్టుంది, కింద ఒకటే కన్నం. ఈగలు గోడకీ కప్పుకీ మధ్య సందులోంచి వచ్చిపోతున్నాయి. ముందు ఆ సందు మూసేసి లోపల స్ప్రే కొడితే సరిపోతుందా? పొగ పెట్టమని కూడా అంటున్నారు.

జవాబు 1:
సందు మాత్రం మూయకండి. దారి మూస్తే చావవు, ఇంకో దారి కొరుక్కుంటాయి. చెక్కపీచు నమిలి గూడు కట్టేవాటికి జిప్సం సీలింగ్ ఒక లెక్కా? కింద గదిలో సీలింగ్ మీద తడిమచ్చ లాంటిది కనబడితే వేలితో నొక్కి చూడకండి, అక్కడ పెయింటు పొర ఒక్కటే మిగిలి ఉండొచ్చు.

పొగ, కిరసనాయిలు అసలొద్దు. తుట్టె అంటే ఎండు కాగితమే. పక్కనే కలప, వైర్లు.

జవాబు 2:
అరలు బయటికి కనిపిస్తూ చిన్న కాడకు వేలాడే పట్టు కాదిది. పైన పొర కప్పిన తుట్టె, లోపల అరలు అంతస్తులుగా ఉంటాయి. స్ప్రే తగిలినవి చస్తాయి, మిగతావి రేగుతాయి. పొడి మందు మేలు: పెర్మెత్రిన్ గానీ డెల్టామెత్రిన్ గానీ, చీకటి పడి రాకపోకలు ఆగాక, బయటి సందు నోట్లో కొట్టాలి. మర్నాడు వచ్చిపోయేవే ఒంటికి అంటించుకుని లోపలికి మోస్తాయి. మోతాదు డబ్బా మీద రాసినంతే. టార్చికి ఎర్ర కాగితం చుట్టి దూరంగా పెట్టండి. ఎరుపు వాటికి సరిగా కనబడదు, మామూలు వెలుగైతే నేరుగా దాని మీదికే వస్తాయి.

24 నుంచి 48 గంటలు ఆగండి. పగటిపూట పావుగంట చూసినా ఒక్కటీ తిరగకపోతేనే తుట్టెకి మందపాటి సంచి తొడిగి, పైన పుట్టీ బ్లేడుతో కోసి, మూతి కట్టేయండి. సందు మూయడం ఆ తర్వాతే, అదీ సన్నకన్నాల స్టీలు జాలీతో. ఫోమ్‌ను కొరికేస్తాయి.

జవాబు 3:
సందు అందడానికి నిచ్చెన కావాలంటే ఈ పని మీది కాదు. ఈగ కుట్టగానే మనిషి చేసే మొదటి పని చేతులు వదిలేయడం. కందిరీగ ముల్లు ఊడదు, ఒక్కటే పదేపదే కుడుతుంది. దాన్ని నలిపితే ఆ వాసనకి మిగతావీ వస్తాయి. నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆసుపత్రికి. చాలా ఈగలు కుడితే అలర్జీ లేనివాళ్ళకీ కిడ్నీలు దెబ్బతినొచ్చు. మూత్రం నల్లబడితే ఆగకూడదు.

ప్రశ్న అడిగినవారు:
నిచ్చెన లేకుండా అందదండీ. పెస్ట్ కంట్రోల్ వాళ్ళనే పిలుస్తాను. వాళ్ళు వచ్చేదాకా?

జవాబు 2:
అటక తలుపు అంచులకి టేపు వేయండి. రాత్రి ఆ తలుపు కిందున్న గదిలో లైటు ఆర్పేయండి, వెలుగు కనబడిన సందులోంచి దిగుతాయి. అటకని కుదిపేలా డ్రిల్లింగు, సుత్తి పనులు పెట్టుకోకండి.