గొంతు ఆపరేషన్ అయి ఏళ్లు గడిచినవాళ్లు ఇప్పుడు ఎలా ఉన్నారు?

మెలకువ:
నాకు 43 ఏళ్లు, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) ఉంది. స్లీప్ స్టడీలో ఏహెచ్ఐ 34 వచ్చింది, అంటే గంటకు 34 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోంది. సీప్యాప్ (మాస్క్‌లోంచి గాలి ఒత్తిడి పంపి గొంతు దారి మూసుకుపోకుండా ఉంచే మెషీన్) నాలుగు నెలలు వాడాను, ముక్కూ నోరూ రెండూ కప్పే మాస్క్. తెల్లారేసరికి అది దిండు పక్కన పడి ఉంటుంది, ఎప్పుడు లాగేస్తున్నానో నాకే తెలియదు. ఈఎన్‌టీ డాక్టర్ యూపీపీపీ చేయించుకోమన్నారు. టాన్సిల్స్ తీసి, కొండనాలుక, మెత్తటి అంగిలి అంచు కత్తిరించి కుట్టేస్తారట. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అని అమ్మ రోజూ గుర్తుచేస్తోంది. ఎక్కడ చదివినా మొదటి ఆరు నెలల సంగతే ఉంది. అయిదేళ్లు, పదేళ్లు దాటినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

పాతగొంతు:
నాకు 11 ఏళ్లయింది. ఏహెచ్ఐ ముందు 38, ఆరు నెలలకు 14. మొదటి రెండు వారాలు ఉమ్మి మింగాలన్నా కళ్లలో నీళ్లు తిరిగేవి. ఆ తర్వాత నాలుగైదేళ్లు మాత్రం హాయిగా గడిచాయి. గురక లేదు, పొద్దున్నే తలనొప్పి లేదు. మెషీన్ అటకెక్కింది.

ఆరో ఏడు మధ్యాహ్నాలు మళ్లీ కళ్లు మూతలు పడడం మొదలైంది. గురక లేదు కదా, అది అయి ఉండదులే అనుకున్నాను. ఒకరోజు సిగ్నల్ దగ్గర కారు ఆపి అలాగే నిద్రపోయాను. వెనకవాళ్ల హారన్లకు మెలకువ వచ్చింది. ఆ రాత్రి మా ఆవిడ ఫోన్ వెలుతురులో నన్నే చూస్తూ కూర్చుంది. చప్పుడేమీ లేదట. పొట్ట మాత్రం ఎగిసెగిసి పడుతోందట, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగల్లేదట. ఇరవై దాకా లెక్కపెట్టాక ఒక్కసారిగా ఊపిరి లాగానట. వెంటనే టెస్ట్ చేయించాం, 31 వచ్చింది. ఆపరేషన్ తర్వాత నేను 9 కిలోలు పెరిగాను.

అదిరి చప్పుడు చేసే కండ తీసేశారు కాబట్టి గురక పోయింది, నాలుక వెనక దారి మూసుకుపోవడం మాత్రం పోలేదు అని డాక్టర్ అప్పుడు చెప్పారు. ఈ ముక్క ఆపరేషన్ రోజునే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

తేలికనిద్ర:
నాది వేరే కథ అండి. నా టాన్సిల్స్ దాదాపు ఒకదానికొకటి తగిలేంత పెద్దవి. 41 నుంచి 6కి వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత మొన్న చేయిస్తే 9. మెషీన్ లేదు. బరువు పెరగలేదు, అది కూడా కారణం కావచ్చు.

ల్యాబ్_రాత్రులు:
నేను స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్‌ని. పై ఇద్దరి అనుభవాలూ మేము తరచూ చూసేవే. ఫుజిటా అనే డాక్టర్ ఈ ఆపరేషన్ గురించి 1981లో రాశారు, సీప్యాప్ వచ్చింది కూడా అదే ఏడాది. 1996లో పాత ఫలితాలన్నీ కలిపి చూస్తే, ఎంపిక లేకుండా అందరికీ చేసినప్పుడు సఫలమైంది సుమారు 40 శాతం మందికే. అక్కడ "సఫలం" అంటే ఏహెచ్ఐ సగానికి తగ్గి 20 లోపుకు రావడం. 18 వచ్చినా సఫలమే అన్నమాట, కానీ 15 దాటితే ఇంకా మధ్యస్థ స్థాయి జబ్బే.

టాన్సిల్స్ సైజు, నాలుక తీరు వగైరా చూసి చేసే ఫ్రీడ్‌మన్ వర్గీకరణ ప్రకారం టాన్సిల్స్ పెద్దవై, నోరు తెరిస్తే అంగిలి బాగా కనిపించేవాళ్లలో పదిమందిలో ఎనిమిది మందికి ఫలితం ఉంది. టాన్సిల్స్ చిన్నవై నాలుకే అడ్డొచ్చేవాళ్లలో పదిమందిలో ఒకరికి కూడా లేదు. ఇప్పటి పద్ధతుల్లో కండరాలను వీలైనంత ఉంచుతున్నారు. సీప్యాప్ పడనివాళ్ల మీద ఆస్ట్రేలియాలో చేసి 2020లో ప్రచురించిన ట్రయల్‌లో అంగిలితో పాటు నాలుకనూ తగ్గించారు. ఆరు నెలలకు సగటు 48 నుంచి 21కి దిగింది. మంచి తగ్గుదలే, పూర్తి నయం మాత్రం కాదు.

తడిగొంతు:
నాకు ఏడేళ్లు. కుళాయి కింద వంగి నీళ్లు తాగితే ఇప్పటికీ ముక్కులోంచి వస్తాయి. నిటారుగా కూర్చుని తాగితే రావు. గొంతులో ఏదో అడ్డంపడినట్టు ఎప్పుడూ ఉంటుంది, రాత్రి నీళ్ల సీసా పక్కన లేకపోతే టెన్షన్. ఏహెచ్ఐ మాత్రం 52 నుంచి 17కి వచ్చింది, బీపీ మాత్ర ఒకటి తగ్గింది.

మెలకువ:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అద్దంలో చూసుకున్నాను, నా టాన్సిల్స్ కనిపించీ కనిపించనట్టు ఉన్నాయి. నిద్రమత్తు ఇచ్చి కెమెరాతో దారి ఎక్కడ మూసుకుంటోందో చూసే పరీక్ష ముందు చేయమని అడుగుతాను. పాతగొంతు గారూ, మళ్లీ అయితే చేయించుకునేవారా?

పాతగొంతు:
చేయించుకునేవాణ్ణే. కానీ ఏడాదికోసారి టెస్ట్ చేయించుకునేవాణ్ణి, మెషీన్ అటకెక్కించేవాణ్ణి కాదు. ఇప్పుడు మళ్లీ అదే వాడుతున్నాను. అంగిలి పొట్టిది కావడంతో గాలి నోట్లోంచి పోతుంది, గడ్డానికి పట్టీ కట్టుకోవాలి. మీకింకా అంగిలి పూర్తిగా ఉంది కదా, ముక్కుపుటాల దగ్గర ఆనే చిన్న మాస్క్ ఒక నెల వాడి చూశారా?